చిన్న మెమరీ చిప్, దాని వివరణ పత్రము

రాత్రి మనము కట్టివేసిన రేడియో తెల్లవారి మీట నొక్కగనే మరల అదే స్టేషనును పలుకుచున్నదన్నచో, ఆ స్టేషను అంకె ఎచ్చటనో వ్రాసి యుండవలెను గదా! కరెంటు పోయినను చెరగని ఆ వ్రాత నేటి సెట్లలో ఒక మెమరీ చిప్‌లో నుండును. గోడకు తగిలించిన ఇంటర్నెట్ రౌటరులోను, టెలివిజను ప్రక్కనుండు పెట్టెలోను అట్టి చిప్‌లే కలవు. వానిలో చిన్నవానియందు 256 బైట్లు మాత్రమే పట్టును. ఒక పోస్టుకార్డుపై మనము వ్రాయు అక్షరములకంటె అది ఎక్కువ కాదు. అయినను పరికరముయొక్క గుర్తింపు సంఖ్య, కర్మాగారమున సరిచూచి వ్రాసిన కొలతలు ఆ కొద్ది చోటనే యుండును. అవి చెడినచో పరికరము పనికిరాకుండ పోవుటయు కలదు.

ఇట్టి చిప్‌లలో పెక్కింటికి తమ పేరు తాము చెప్పుకొను శక్తి లేదు. 1982లో ఫిలిప్స్ సంస్థ రెండు తీగెలమీద పెక్కు చిప్‌లను కలుపు ఐ-స్క్వేర్డ్-సీ అను పద్ధతిని ఏర్పరచినది. ఆ తీగెలపై ఒక్కొక్క చిప్‌నకు ఒక చిరునామా అంకె యుండును. ఆ అంకెను పిలిచిన, “ఉన్నాను” అను జవాబు వచ్చునే గాని, “నీవెవరవు?” అని యడిగిన జవాబు రాదు. కావున ఏ చిరునామాలో ఏ చిప్ ఉన్నదో, దాని పరిమాణమెంతయో మనుష్యుడు వ్రాసి ఇచ్చినగాని యంత్రమునకు తెలియదు. ఆ వ్రాతకును, దానిని శాసించు నియమములకును గల చరిత్రను ఇచ్చట కొంత చెప్పదలచితిమి.

చిప్‌ల కథ క్లుప్తముగా చెప్పవచ్చును. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనుగొన్న చిప్‌ను చెరుపవలెనన్న, దాని నెత్తిమీది గాజు కిటికీగుండ అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయవలసి యుండెను. అటుపిమ్మట విద్యుత్తుతోనే చెరిపి వ్రాయదగినవి వచ్చినవి. 1984లో జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా, పెద్ద భాగమును ఒక్క పెట్టున చెరుపదగిన మెమరీని లోకమునకు తెలిపెను. కెమెరా మెరుపు గుర్తునకు వచ్చి దానికి ఫ్లాష్ అను పేరు పెట్టిరి.

వివరణ పత్రము కథ అంత సులభమైనది కాదు. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ వారు తమ కంప్యూటర్లయందు ఓపెన్‌బూట్ అను ప్రారంభ ప్రోగ్రామును ఉంచిరి. మిచ్ బ్రాడ్లీ దీనికి మూలపురుషుడు. యంత్రము మేల్కొనగనే ఈ ప్రోగ్రాము తనలోని భాగములన్నిటిని లెక్కించి, కొమ్మలు రెమ్మలు గల వృక్షమువలె ఒక పట్టికను నిర్మించి, పిమ్మట వచ్చు ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించెడిది. ఈ పద్ధతి 1994లో ఐ.ఇ.ఇ.ఇ. 1275 అను ప్రమాణ గ్రంథమైనది. డివైస్ ట్రీ, అనగా పరికర వృక్షము, అను మాట ఆ కుటుంబములోనిదే.

చిన్న పరికరములలో అంతటి ప్రారంభ ప్రోగ్రామునకు చోటు లేదు. అందుచేత 2005 ప్రాంతమున లినక్స్ నిర్మాతలు, ముఖ్యముగా పవర్‌పీసీ యంత్రములపై పనిచేయువారు, ఒక ఉపాయము పన్నిరి. వృక్షమును యంత్రము లెక్కించి కట్టనక్కరలేదు. మనుష్యుడే దానిని చేతితో వ్రాసి, చిన్న ఫైలుగా మార్చి, పరికరమున ఉంచిన చాలును. ఉపాయము బాగుగనే యున్నది. కాని అంతకు పూర్వము యంత్రము తన్ను చూచుకొని చెప్పిన మాట, ఇప్పుడు మనుష్యుడు వ్రాసిన మాట ఐనది. మనుష్యుడు పొరపడును గదా!

ఫోన్లలోను, చిన్న పరికరములలోను వ్యాపించిన ఆర్మ్ జాతి యంత్రములకు అప్పటికింకను ఈ పద్ధతి లేదు. ఒక్కొక్క బోర్డునకు ఒక్కొక్క ప్రోగ్రాము ఫైలు లినక్స్‌లోనే చేర్చుచుండిరి. అవి పుట్టగొడుగులవలె పెరిగిపోయినవి. 2011 మార్చిలో లినక్స్ కర్త లీనస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళముపై బహిరంగముగా మండిపడెను. అటుపిమ్మట ఆర్మ్ వారును గ్రాంట్ లైక్లీ మొదలగువారి కృషివలన పరికర వృక్షమువైపు మరలిరి.

అసలు చిక్కు ఇచ్చట మొదలైనది. లినక్స్ ఒక చోట, వృక్షము మరియొక చోట ఉన్నపుడు, వృక్షములోని ప్రతి మాటకు అర్థమేమో ఉభయులకు తెలిసి యుండవలెను. ఆ అర్థమును చెప్పునదే వివరణ పత్రము. తొలుత ఇవి సాధారణ ఇంగ్లీషులో, ఎవరికి తోచిన రీతిని వారు వ్రాసినట్టివి. 2013 అక్టోబరులో ఎడిన్‌బరోలో కెర్నెల్ నిర్మాతలు కూడినపుడు వచ్చిన ముఖ్యమైన ప్రశ్న ఇది: నేడు వ్రాసిన మాటను రేపు మార్చవచ్చునా? పరికరములో వృక్షము ఒకసారి నిలిచినపిదప అది కొన్నవాని ఇంటిలో పదేండ్లు ఉండవచ్చును. లినక్స్ మాత్రము క్రొత్తది వచ్చుచునే యుండును. క్రొత్త లినక్స్ పాత మాటను మరచినచో ఆ ఇంటి పెట్టె మేల్కొనదు. కాబట్టి వివరణ పత్రములోని మాట వాగ్దానమువంటిదన్న పక్షమే క్రమముగా బలపడినది. మాటను చేర్చవచ్చును, వాడుకలోనున్న దానిని తీసివేయుట మిక్కిలి కష్టము.

పూర్వము మన గ్రామ కరణము భూమిని గూర్చి వ్రాసిన లెక్కలో సర్వే నంబరు, విస్తీర్ణము, నేల తరగతి ఉండెడివి. సేద్యగాడు ఏ ఎద్దులతో దున్నునో అందులో వ్రాయుట లేదు. పరికర వృక్షముపట్ల పరిశీలకులు పట్టుబట్టునదియు ఇదియే. అది చిప్‌ను వర్ణింపవలెను గాని, నేటి ప్రోగ్రామునకు ఏది అనుకూలమో దానిని వ్రాయరాదు. ప్రోగ్రాము రేపు మారును, చిప్ మారదు.

ఇపుడు ఒక్క చిప్‌ను తీసికొని చూతము. 24సీ02 అను పేరుగల చిప్ 256 బైట్లది. దాని చిరునామా పదహారు మూలముగా గల సంఖ్యా పద్ధతిలో 50, మన లెక్కలో 80. దీనిలో ఒక్కొక్క బైటుగా వ్రాసినచో ప్రతి వ్రాతకు సుమారు 5 మిల్లీసెకన్లు పట్టును. చిప్ అంతయు నిండుటకు ఒక సెకనుకు మించును. అందుచే ఒక పుటలోని బైట్లనన్నిటిని ఒకే వ్రాతలో పంపు సదుపాయము కల్పించిరి. అట్మెల్ సంస్థవారి ఏటీ24సీ02లో పుటకు 8 బైట్లు. ఎస్.టి. సంస్థవారి ఎమ్24సీ02లో పుటకు 16 బైట్లు. పేరులో అంకె ఒకటే, పరిమాణము ఒకటే, పుట మాత్రము వేరు.

8 బైట్ల పుటగల చిప్‌నకు, వివరణలో 16 అని వ్రాసితిమనుకొందము. ప్రోగ్రాము ఒకే సారి 16 బైట్లు పంపును. మొదటి 8 సరిగనే పడును. తొమ్మిదవది మాత్రము తరువాతి పుటకు పోదు. ఆ పుట మొదటికే తిరిగి వచ్చును. పలక చివరకు చేరిన పిల్లవాడు మరియొక పలక తీసికొనక, అదే పలకపై మొదటినుండి వ్రాసినట్లు, వెనుకటి 8 బైట్లు ముందటి 8 బైట్లను తుడిచివేయును. చిప్ ఏ తప్పును తెలుపదు. వ్రాత ముగిసినదనియే చెప్పును. ఒక అంకె తప్పుటచేత ఇంత హాని కలుగును.

ఈ జాతి చిప్‌ల పేర్ల విషయమునను చాలకాలము అశ్రద్ధ సాగినది. వివరణలో చిప్ పేరునకు ముందు సంస్థ పేరు వ్రాయవలెనని నియమము. కాని చిప్‌ను వెదకు ప్రోగ్రాము సంస్థ పేరును విడిచి, వెనుకటి అంకెను మాత్రమే చూచెడిది. కనుక ఎవరేమి వ్రాసినను పని జరిగెడిది. పని జరుగుచున్నంతవరకు తప్పు తప్పుగా కనబడదు. 2017లో సంస్థ పేరుతో కూడ సరిపోల్చు పట్టికను ప్రోగ్రామునకు చేర్చినపుడు, బోర్డుల ఫైళ్లలోని పేర్లను చక్కబరచు పని మీద పడినది.

2018లో రాబ్ హెరింగ్ గొప్ప మార్పును ప్రవేశపెట్టెను. ఇంగ్లీషు వాక్యములలోనున్న వివరణ పత్రములను యంత్రము చదివి పరీక్షింపదగిన నియమావళిగా మార్చుట మొదలైనది. దీనిని స్కీమా అందురు. ఏ మాట ఉండవచ్చును, దాని విలువ ఏ హద్దులలో ఉండవలెను, ఏది తప్పనిసరి యనునవి ఇందు సూత్రరూపమున ఉండును. 24సీ జాతి చిప్‌ల పత్రము 2019లో ఈ రూపమును పొందినది. పుట పరిమాణమునకు అందు 1, 8, 16, 32, 64, 128, 256 అను ఏడు విలువలకే చోటు కలదు. 24 అని వ్రాసినచో పరీక్ష వెంటనే పట్టుకొనును.

ఇందొక వింత కలదు. పుట పరిమాణమును తెలుపు మాట ఆ పత్రములో ‘పేజ్‌సైజ్’ అని ఒకే పదముగా నున్నది. రెండు పదముల నడుమ చిన్న గీత ఉంచుట నేటి సంప్రదాయము. సంప్రదాయమును నమ్మి ఎవరైన గీతతో వ్రాసినచో, పూర్వము ప్రోగ్రాము ఆ మాటను గుర్తింపక, ఏమియు అనక ఊరకుండెడిది. నేడు స్కీమా అట్టి మాటను ఎరుగనని చెప్పి ఆపును. అయితే పాత పదమునకే గీత చేర్చి దిద్దరాదా యన్నచో, దిద్దరాదు. ఆ పాత పదముతోనే ఎన్నియో పరికరములు ఇండ్లలో పనిచేయుచున్నవి. అందముకొరకు వానిని చెడగొట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము.

స్కీమా వచ్చినది గదా, ఇక మనుష్యుని పరిశీలన ఎందుకని అడుగువారు కలరు. స్కీమా వ్యాకరణమును చూచును, సత్యమును చూడదు. 8 అన్నను దానికి సమ్మతమే, 16 అన్నను సమ్మతమే. ఈ బోర్డుపైనున్న చిప్ పుట ఎంత యన్నది చిప్ నిర్మాత ముద్రించిన సమాచార పత్రికలోనే యున్నది. ఆ పత్రికను తెరచి చూచి, “ఈ అంకె ఎక్కడిది?” అని యడుగువాడు మనుష్యుడు. రాబ్ హెరింగ్, క్రిస్టాఫ్ కొజ్లోవ్‌స్కీ, కోనర్ డూలీ మొదలగువారు ఈ పరిశీలన చేయుచున్నారు. ఒప్పుకొన్నవాని పేరు ఆ మార్పుతోబాటు శాశ్వతముగా చరిత్రలో నిలుచును.

క్రొత్త సంస్థ చిప్‌ను చేర్చునపుడు వారు కోరునది మరియొకటి కలదు. పాత చిప్ వలెనే పనిచేయును గనుక పాత పేరే వ్రాసెదమన్న ఒప్పుకొనరు. ముందు ఆ చిప్ అసలు పేరు వ్రాసి, దాని వెంట పోలికగల పాత చిప్ పేరును వ్రాయుమందురు. నేడు ప్రోగ్రాము రెండవ పేరుతోనే పని నడుపును. ఐదేండ్లకు ఆ చిప్‌లో ఏదో చిన్న భేదము బయటపడినచో, అసలు పేరు ముందే యున్నది గనుక, ఇండ్లలోని వృక్షములను తాకకుండ ప్రోగ్రామును మాత్రమే సవరింపవచ్చును. పరిశీలనలోని నియమములన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినది ఇది.

తమ పేరు చెప్పుకొనగల చిప్‌ల విషయము వేరు. ఎస్.పి.ఐ. తీగెలపై నుండు ఫ్లాష్ చిప్‌లు, పదహారు మూల సంఖ్యలో 9ఎఫ్ అను ఆజ్ఞను అందుకొనగనే తమ గుర్తింపు సంఖ్యను చెప్పును. 2011లో జెడెక్ సంఘము ప్రకటించిన ప్రమాణము ప్రకారము, తమ పరిమాణమును, చెరుపు పద్ధతులను గూడ చెప్పగలవు. అట్టి చిప్‌నకు ఆ వివరములనే మరల వృక్షములో వ్రాయబోయిన పరిశీలకులు వలదందురు. చిప్ ఒక మాట, వృక్షము మరియొక మాట చెప్పినచో ఎవరిని నమ్ముట? కాని ఏ భాగమున ప్రారంభ ప్రోగ్రాము ఉన్నదో, ఏ భాగమున మన వ్రాతలు ఉన్నవో చిప్‌నకు తెలియదు. ఆ సరిహద్దులు వృక్షముననే వ్రాయవలెను. సరిహద్దు అంకె తప్పి ప్రారంభ ప్రోగ్రాము చెరిగినచో, ఆ పెట్టె మరునాడు దీపము వెలిగించుకొని ఊరకుండును.

ఒక వరుస చేర్చుటకు నాలుగైదు మారులు తిప్పి పంపెదరని ప్రతిపాదకులు విసుగుకొనుట లేకపోలేదు. ఆ విసుగు నిష్కారణమైనది కాదు. కొందరు నిర్మాతలు ఈ శ్రమ పడలేక తమ మార్పులను తమవద్దనే ఉంచుకొందురు. వారి పరికరములకు క్రొత్త లినక్స్ అందక, లోపములు సవరింపబడక మిగిలిపోవును. ఆ నష్టమును కూడ భరించునది కొన్నవాడే. పరిశీలకులు కొలదిమంది, వచ్చు ప్రతిపాదనలు కొల్లలు. ఆలస్యమునకు ఇదియొక కారణము.

24సీ జాతి పత్రములో పుట పరిమాణమును గూర్చి ఒక హెచ్చరిక కలదు. విలువ తప్పినచో వ్రాసినది పోవచ్చునని అందు తెలిపిరి. ఏ విలువయు వ్రాయనిచో పుటకు 1 బైటని తలచి, ఒక్కొక్క బైటుగనే వ్రాయవలెనని ఏర్పరచిరి. 32 బైట్ల పుట, 4096 బైట్ల పరిమాణము గల 24సీ32 చిప్‌ను అట్లు నింపుటకు 20 సెకన్లు పట్టును; పుటలవారీగా వ్రాసిన ఒక సెకను కూడ పట్టదు. ఇంగ్లీషు వాక్యములలోనున్నపుడు ఆ పత్రములో ఈ 1 ఉండెను. స్కీమాగా మారినపుడును దానిని అట్లే ఉంచిరి.