బౌహౌస్ విద్యాలయంలో స్త్రీలు

విద్యాలయపు తలుపులు తెరచినంత మాత్రాన అందరికీ సమానావకాశం లభిస్తుందా? జర్మనీలోని బౌహౌస్ చరిత్ర ఇందుకు సమాధానం చెప్పగలదు.

1919లో వైమార్ నగరంలో వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి ఈ రూపకల్పన విద్యాలయాన్ని స్థాపించినారు. వయస్సుగాని, స్త్రీపురుష భేదంగాని ప్రవేశానికి అడ్డు కారాదని ప్రకటించినారు. ఆ తొలి విద్యాకాలంలో 84 మంది స్త్రీలు, 79 మంది పురుషులు చేరినారు. స్త్రీల సంఖ్య చూచి అధ్యాపక మండలి కలవరపడినది. 1920లో వారి ఎంపిక కఠినమైనది. చేరినవారిలో అధికభాగాన్ని నేతశాలకు పంపినారు.

ఆనీ ఆల్బర్స్ కోరినది గాజుపని, దొరికినది మగ్గం. అయినను ఆమె బెర్నౌలోని ఒక సభామందిరానికి వింత వస్త్రం నేసినారు. దాని ఒక ప్రక్కనున్న సెల్లోఫేన్ కాంతిని ప్రతిఫలింపజేస్తుంది. రెండవ ప్రక్కనున్న నూగునూలు సందులలో ధ్వనితరంగాల శక్తి ఘర్షణవల్ల ఉష్ణంగా మారి, ప్రతిధ్వని తగ్గుతుంది. 1930లో ఆమెకు పట్టా లభించినది. లోహశాలలో చేరగలిగిన మరియన్నె బ్రాంట్ 1928లో ఆ శాలకే తాత్కాలికంగా నాయకత్వం వహించినారు.

ఈ విజయాలు ఆ కట్టుబాటును సమర్థించవు. దానివల్ల ఎంత ప్రతిభ వెలుగు చూడలేదో ఎవరు చెప్పగలరు? ప్రవేశద్వారానికి వ్రాసిన నియమం లోపలి ప్రతి శాలకూ వర్తించినప్పుడే సమానత్వం సార్థకమవుతుంది.