కత్తి మీద పేరు

2027 సెప్టెంబరు 19తో అమెరికాలో ఒక కత్తిపోటుకు రెండు వందల ఏళ్లు నిండుతాయి. మిసిసిపీ నదిలో నాచెజ్ పట్నం దగ్గర ఇసుక తిన్నె మీద ఇద్దరు పెద్దమనుషులు పిస్తోళ్లు పట్టుకుని తలపడ్డారు. చెరో రెండుసార్లు కాల్చుకున్నారు. ఒక్క తూటా తగల్లేదు. పరువు దక్కిందనుకుని చేతులు కలిపారు. అక్కడితో పోవాల్సింది. కానీ వెంట వచ్చిన మనుషులు కలబడ్డారు. వాళ్లలో జిమ్ బోయీ ఒకడు. ఒంట్లో తూటాలు దిగి, కర్రలో దాచిన కత్తి పోట్లు పడి కూడా తన పెద్ద కత్తితో నారిస్ రైట్ అనేవాణ్ని చంపాడు. పత్రికలకు అంతకన్నా ఏం కావాలి! ఆ తర్వాత 'బోయీ కత్తి' కోసం దేశమంతా ఎగబడింది.

ఇంతకీ ఆ కత్తి చేసిందెవరు? ఆలోచన నాదేనన్నాడు బోయీ అన్న రెజిన్. కాదు, ఆర్కాన్సా కమ్మరి జేమ్స్ బ్లాక్ పనితనమే అసలు బోయీ కత్తి అన్నవాళ్లున్నారు. పొడిచినవాడి పేరు పిల్లలకు కూడా తెలుసు, చేసినవాడి పేరు ఇంకా తగువులోనే ఉంది.

కత్తుల చరిత్ర చాలావరకు ఇంతే. రాతి కత్తి, కంచు కత్తి, ఇనుప కత్తి అంటూ వేల ఏళ్లు దొర్లిపోయాయి. కొలిమి ముందు కూర్చున్నవాడి సంగతి ఎవరూ రాసిపెట్టలేదు. జపాన్ ఖడ్గకారులు మాత్రం పిడి లోపల దాగే భాగం మీద సంతకం చెక్కుకునేవారు. ఐరోపాలో 9-11 శతాబ్దాల నాటి కత్తుల మీద 'ఉల్ఫ్‌బెర్ట్' అన్న పేరు కనిపిస్తుంది. దానికి అప్పట్లోనే నకళ్లు కూడా వచ్చాయి. అంటే పేరుకు రేటు కట్టడం మన కాలపు జబ్బేమీ కాదు.

మన సంగతి చెప్పుకోకుండా ముందుకు పోతే తప్పవుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు. 1820ల ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లిషు వైద్యుడు ఆ పని దగ్గరుండి చూశాడు. ఆయన రాసిపెట్టింది 1832లో అచ్చయింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి ఈ ఉక్కు కొనే వర్తకుడొకడు, తమ దేశంలో దీన్ని చేయబోయి విఫలమయ్యామని ఆయనతో చెప్పాడట. ఆ ఉక్కుతో చేసిన, నీటి అలల్లాంటి మచ్చలతో మెరిసే కత్తులకు లోకం పెట్టిన పేరు డమాస్కస్. ఊరు సిరియాది, కొనుగోలు పర్షియాది. ఉక్కు పోసిన మన కమ్మరుల పేరు ఒక్కటి కూడా ఆ కత్తుల మీద లేదు.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కార్ఖానాలు బోయీ కత్తుల్ని గంపలకొద్దీ చేసి అమెరికాకు పంపాయి. వాటి మీద కంపెనీ ముద్రే తప్ప పనివాడి ఊసు లేదు. చేతిపని కత్తి మళ్లీ తలెత్తింది మిషిగన్ రాష్ట్రంలో ఒంటరిగా బతికిన విలియం స్కేగెల్ చేతిలో. 1930ల చివర్లో అక్కడి వాలూన్ సరస్సు ఒడ్డున ఒకడు పడవకున్న పాత రంగును ఆయన కత్తితో గీకుతున్నాడు. ఫ్లోరిడా నుంచి వచ్చిన బో రాండల్ అది చూశాడు. అంత మొరటు పని చేయిస్తున్నా కత్తి పదును పోలేదు. కొనేసి, ఇంటికెళ్లి తనే కత్తులు చేయడం మొదలుపెట్టాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఆ రాండల్ కత్తి దొరకని మనిషిది. బాబ్ లవ్‌లెస్ ఒహాయో కుర్రాడు. వయసు దొంగలెక్క చెప్పి పద్నాలుగేళ్లకే సరుకు ఓడల్లో చేరినవాడు. 1953లో న్యూయార్క్‌లోని అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణానికి వెళ్లి రాండల్ కత్తి అడిగాడు. ఇప్పుడు ఆ పేరు బట్టలకు తెలుసుగానీ, అప్పట్లో అది వేటగాళ్ల స్వర్గం. తొమ్మిది నెలలు ఆగాలన్నారు. ఆగే ఘటమా అది! న్యూజెర్సీలో పాత కార్ల దొడ్డికి పోయి 1937 నాటి ప్యాకర్డ్ కారు స్ప్రింగు పట్టుకొచ్చాడు. ఓడలో వంటింటి నూనెపొయ్యి మీద కాల్చి, కొట్టి కత్తి చేసుకున్నాడు. మన కమ్మరి లారీ కమాను పట్టీతో కొడవలి చేయడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. వింత తర్వాత జరిగింది. ఆ కత్తిని తీసుకెళ్లి అదే దుకాణం వాళ్ల ముందు పెట్టాడు. వాళ్లు కొన్నారు, ఇంకా చేయమన్నారు. రాండల్ కోసం వచ్చిన బేరం, రాండల్ పక్కనే తన సరుకు పెట్టుకున్నాడు!

లవ్‌లెస్ తర్వాత చేసిన కత్తిని చేత్తో పట్టుకుంటే గొప్పతనం తెలుస్తుంది. వీపు గీత కొన వైపు మెల్లగా వాలుతుంది. అందుకే వేటాడిన జింక తోలు వలిచేటప్పుడు మొన లోపల పేగును చీల్చదు. ఉక్కు పట్టీ పిడి చివరిదాకా సాగుతుంది, పోనుపోను పలచబడుతుంది. అందువల్ల బరువు చేతిలో తూకంగా నిలుస్తుంది. పిడికి, ఉక్కుకు మధ్య సన్నని ఎర్ర గీత. కొన్నింటి మీద ముద్రగా నగ్నంగా పడుకున్న ఒక స్త్రీ బొమ్మ. సభ్యత సంగతి ఎలా ఉన్నా, సేకర్తలు ఆ బొమ్మ ఉంటే మరింత డబ్బు పోశారు. జింకను వలవడానికి పుట్టిన కత్తి గాజు పెట్టెలోకి చేరింది. కోయని కత్తికి కోసే కత్తికన్నా ధర ఎక్కువ. నవ్వొచ్చినా, ఆ పిచ్చివాళ్ల డబ్బే కొలిమి ఆరకుండా కాపాడిందని నేను ఒప్పుకుంటాను.

1970లో లవ్‌లెస్, ఇంకొందరు కలిసి కత్తికారుల సంఘం పెట్టారు. ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 1973లో మేరీలాండ్ కమ్మరి బిల్ మోరన్ ఆ సంఘం ప్రదర్శనకు పొరలు పొరలుగా కొట్టిన డమాస్కస్ కత్తులు తెచ్చాడు. తెలిసిన రహస్యం దాచుకోకుండా నలుగురికీ చెప్పాడు. 1976లో కమ్మరులకే వేరే సంఘం వచ్చింది. అందులో పరీక్ష నెగ్గాలంటే వేలాడే అంగుళం తాడును ఒకే వేటుకు తెంపాలి, కర్రలు నరకాలి, ఆ తర్వాత కూడా అదే వాదరతో చేతి వెంట్రుకలు గొరగాలి. చివరికి కత్తిని తొంభై డిగ్రీలు వంచినా విరగకూడదు. పాసయిన కత్తి ఎలాగూ వంకర పోతుంది!

మోరన్‌ది పొరల ఉక్కు. కోనసముద్రం తరహా మూస ఉక్కు వేరు. దాన్ని మళ్లీ చేసి చూపింది ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే అల్ఫ్రెడ్ పెండ్రే. అయోవా లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్హోవెన్ తోడయ్యాడు. ఖనిజంలో లవలేశంగా ఉండే వనేడియం లాంటివే ఆ అలలకు కారణమని వాళ్లు 1998లో రాశారు.

ఇప్పుడు ఏటా జూన్ నెలలో అట్లాంటాలో బ్లేడ్ షో జరుగుతుంది. లవ్‌లెస్ 2010లో పోయాడు, ఆయన కత్తులకు జపాన్‌లోనూ గిరాకీ ఉంది. యంత్రంతో చెక్కినదాన్ని 'చేతిపని' అనొచ్చా అన్న తగువు తెగలేదు. పైన ఆసిడ్‌తో గీతలు వేసి 'డమాస్కస్' అని అమ్మేవాళ్లకు కొదవలేదు.

మీ ఇంటి అటక మీద తాతల నాటి కత్తి ఉంటే, తుప్పు పట్టిందని గరుకు కాగితం పెట్టి రుద్దేయకండి. అలలు ఉంటే తుప్పుతోపాటే పోతాయి. కాస్త నూనె రాసి, పొడి గుడ్డ చుట్టండి. ఏ ఊరి కమ్మరి చేశాడో ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటే, ఆ పేరు కాగితం మీద రాసి కత్తితోపాటే పెట్టండి.