మార్కాపురం పలకల పరిశ్రమ: వృథా రాతి ముక్కలకూ విలువ

మార్కాపురం పట్టణం పలకల తయారీకి ప్రసిద్ధి చెందినది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి అందులో చేరినవి. వర్షాభావం వలన సేద్యం నిలకడ లేని ఈ ప్రాంతంలో పలకరాయి పలు కుటుంబాలకు జీవనాధారమైనది.

భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరుతో వ్యవహరించే శిలా శ్రేణిలో లభించే ఈ రాయి పొరలుగా విడిపోవును. ఉలి, సుత్తితో పొరలు తీసి, నునుపు చేసి, కొయ్య చట్రం బిగించిన బడిపలక సిద్ధమగును. భారీ యంత్రాలు అవసరం లేనందున స్వల్ప పెట్టుబడితోనే చిన్న యూనిట్లు వెలసినవి.

నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకల రాకతో బడిపలకల గిరాకీ క్షీణించినది. దీనితో తయారీదారులు అదే రాతిని గోడలకు, నేలకు వాడే డిజైన్ టైల్స్‌గా మలచి విదేశాలకు ఎగుమతి చేయసాగారు. రాతి సహజ వర్ణాలే ఇందుకు ఆకర్షణ. పెద్ద టైల్స్‌కు పనికిరాని ముక్కలను సైతం చిన్నవిగా కోసి మొజాయిక్‌గా కూర్చుచున్నారు.

అయితే కోత సమయంలో వెలువడే ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హానికరం. దాని వలన కలిగే సిలికోసిస్ నయం కాని వ్యాధి. కావున నీటితో తడుపుతూ కోయడం, ముఖానికి మాస్కు ధరించడం కార్మికులకు అత్యవసరం.