లినక్స్ కంప్యూటర్‌లో దుకాణం లెక్కలు: టాలీ లేకుండా పని నడుస్తుందా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. విడిగా నమోదు చేసుకున్న ఇళ్లకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంతే. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం కంటే పాతవి దాదాపు అన్నీ బయటికే. చెప్పుల షాపులో, మెడికల్ షాపులో, టైలరింగ్ మెటీరియల్ దుకాణంలో కౌంటర్ మీద ఏడెనిమిదేళ్లుగా నడుస్తున్న కంప్యూటర్ చాలా వరకు ఈ లెక్కలోకి రాదు.

మెషిన్ మాత్రం బాగానే ఉంటుంది. దాంట్లో లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేస్తే మళ్లీ చురుగ్గా నడుస్తుంది. డబ్బు ఖర్చు లేదు, వైరస్‌ల బెడద తక్కువ. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఒక ఆదివారం కూర్చుని వేసేస్తారు. ఆ తర్వాత మొదటి ప్రశ్న ఒకటే: "భాయ్, ఇందులో టాలీ ఎక్కుతుందా?"

ఎక్కదు. టాలీ ప్రైమ్ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్. లినక్స్‌కు గానీ మ్యాక్‌కు గానీ నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే వెర్షన్ లేదు. వైన్ అనే ప్రోగ్రామ్ సాయంతో విండోస్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌లో నడిపించే పద్ధతి ఒకటుంది. కొందరు టాలీని అలా తెరుస్తారు కూడా. కానీ లైసెన్స్ దగ్గరో, బిల్లు ప్రింట్ దగ్గరో ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగినప్పుడు ఫోన్ చేసి అడగడానికి ఎవరూ ఉండరు. 20వ తేదీ సాయంత్రం జీఎస్టీ రిటర్న్ కట్టాల్సిన దుకాణదారుడు నమ్ముకోవాల్సిన దారి అది కాదు. వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టి దాంట్లో టాలీ నడపవచ్చు గానీ, విండోస్ లైసెన్స్ మళ్లీ కొనాలి, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్ ఆ బరువు మోయలేదు. నెలవారీ అద్దెకు క్లౌడ్‌లో టాలీ ఇచ్చేవారున్నారు. టాలీ తప్ప వేరేది వద్దనుకునేవారికి అదొక్కటే శుభ్రమైన మార్గం, నెట్ బాగుంటే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చిన్న దుకాణాల్లో ఉన్న టాలీ అంతా కొన్నది కాదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన 'క్రాక్' కాపీలు ఎన్నో. ఆ క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు అదే తెరిచిన తలుపు. పదేళ్ల ఉద్దెర ఖాతాలు ఒక్క రాత్రిలో పోతే ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పే కాగితం కూడా ఉండదు. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఎందుకు అన్నది ఆలోచించాలి.

గ్నూక్యాష్

లినక్స్‌లో లెక్కలంటే ముందు వినిపించే పేరు ఇదే. మొదటి స్థిరమైన వెర్షన్ 1998లో వచ్చింది. పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. లినక్స్ మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి పేరు కొడితే వస్తుంది. నెట్ లేకున్నా పనిచేస్తుంది.

బీకాంలో జంట పద్దు విధానం చదివినవారికి ఇది సొంత ఇల్లులా ఉంటుంది. ప్రతి వ్యవహారానికి డెబిట్, క్రెడిట్ రెండు వైపులూ కుదిరి తీరాలి. పాతకాలం చిట్టా, ఆవర్జా రాసిన పెద్దలకు కూడా త్వరగానే అర్థమవుతుంది. కస్టమర్లు, సరఫరాదారులు, ఇన్‌వాయిస్‌లు, ఎవరి బాకీ ఎన్ని రోజులైంది అన్న నివేదిక, అన్నీ ఉన్నాయి.

జీఎస్టీ మాత్రం తయారుగా రాదు, మనమే పేర్చుకోవాలి. బాధ్యతల కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ ఖాతాలు తెరవాలి. తర్వాత 'ట్యాక్స్ టేబుల్' అనే చోట 18 శాతం పేరుతో ఒక పట్టిక పెట్టి, అందులో 9 శాతం సీజీఎస్టీ ఖాతాకు, 9 శాతం ఎస్‌జీఎస్టీ ఖాతాకు వెళ్లేలా రాయాలి. 5 శాతానికి రెండున్నర, రెండున్నర. బిల్లు లైన్‌లో ఆ పట్టిక ఎంచుకుంటే పన్ను తనంతట తానే విడిపోతుంది. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారి, 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయినప్పుడు కూడా ఇలాంటి పట్టిక ఒకటి కొత్తగా చేసుకుంటే సరిపోయింది. చెప్పుల షాపునే తీసుకోండి. జత ధర 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం. రెండు పట్టికలతో పని అయిపోతుంది.

లోపాలు పెద్దవే. స్టాక్ లెక్క లేదు. ఏ సైజు ఎన్ని జతలు మిగిలాయో గ్నూక్యాష్ చెప్పదు. జీఎస్‌టీఆర్-1 నివేదిక రాదు. పాత పద్దును ఎవరైనా తెరిచి మార్చవచ్చు, ఎవరు మార్చారో అన్న జాడ సరిగా ఉండదు. (ఇన్ని రోజులు దాటిన పద్దులను ముట్టుకోకుండా చేసే సెట్టింగ్ ఒకటుంది, తప్పక పెట్టుకోవాలి.) ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి మార్పుల జాడ నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఉంది కాబట్టి, వారు దీని జోలికి పోకపోవడమే మంచిది. సొంత యాజమాన్యం, భాగస్వామ్య సంస్థలకు ఆ నిబంధన వర్తించదు.

చాలామందికి తెలియని సంగతి: గ్నూక్యాష్‌కు తెలుగు, ఉర్దూ అనువాదాలు రెండూ ఉన్నాయి. మెనూలు అన్నీ మారవు, కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగులుతాయి, కొన్ని అనువాదాలు వింతగానూ ఉంటాయి. అయినా కస్టమర్ పేర్లు, సరుకు పేర్లు తెలుగులోనో ఉర్దూలోనో రాసుకోవడానికి ఇబ్బంది లేదు.

స్టాక్ కావాలంటే

ఫ్రాపే బుక్స్ మన దేశంలో పుట్టింది. పెద్ద కంపెనీలు వాడే ఈఆర్‌పీ నెక్స్ట్‌ను తయారుచేసిన ముంబయి సంస్థ ఫ్రాపే దీన్నీ చేసింది. ఉచితం, ఓపెన్ సోర్స్, లినక్స్‌లో నేరుగా నడుస్తుంది. మొదట దేశం భారత్ అని ఎంచుకుంటే జీఎస్టీ ఖాతాలు, పన్ను నమూనాలు సిద్ధంగా వస్తాయి. సరుకు లెక్క ఉంది, జీఎస్‌టీఆర్-1 కోసం నివేదిక ఉంది. డేటా అంతా ఒకే ఫైల్‌లో ఉంటుంది కాబట్టి రాత్రి దుకాణం కట్టేముందు ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయినట్టే. చిన్న దుకాణానికి ముందుగా చూడాల్సింది ఇదే అని చెప్పవచ్చు. అయితే టాలీలా ఎన్నో ఏళ్లు నలిగిన సరుకు కాదు. ఒక నెల పాత పద్ధతి పక్కనే నడిపి చూశాకే పూర్తిగా మారాలి. ఈఆర్‌పీ నెక్స్ట్ సంగతి వేరు. సర్వర్ పెట్టి, చూసుకునే మనిషిని పెట్టుకునేవారికి అది. ఒక్క కౌంటర్ ఉన్న దుకాణానికి బరువెక్కువ.

మేనేజర్ అనే ఇంకొకటి ఉంది. డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితం, లినక్స్‌లో నడుస్తుంది, సరుకు లెక్క ఉంది, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. ఓపెన్ సోర్స్ మాత్రం కాదు. జీఎస్టీ రేట్లు మనమే పెట్టుకోవాలి.

నెట్ ఎప్పుడూ ఉండే చోట బ్రౌజర్‌లో నడిచే జోహో బుక్స్ లాంటివి సులువు. బ్రౌజర్ ఉంటే చాలు, లినక్స్ అయినా మ్యాక్ అయినా తేడా లేదు. జీఎస్టీ పూర్తిగా ఉంటుంది. తక్కువ టర్నోవర్ వారికి ఉచిత ప్లాన్ ఉంది, దాని షరతులు చేరేముందు చదవాలి. ఎందుకంటే లెక్కలు మన ఇంట్లో కాకుండా వారి దగ్గర ఉంటాయి. చందా ఆగిపోతే మన డేటా ఎలా బయటికి తెచ్చుకోవాలో మొదటి రోజే తెలుసుకోవాలి. ఫోన్‌లో వ్యాపార్ లాంటి యాప్‌లతో బిల్లులు కొట్టేవారూ ఉన్నారు. చిన్న కిరాణాకు అంతకంటే అక్కర్లేకపోవచ్చు.

అసలు ఎంత అవసరం?

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు దుకాణం ఎక్కడుందో చూడాలి. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండు చోట్లా 20 లక్షలే. ఒకే కుటుంబంలో అన్న కర్నూలులో, తమ్ముడు హైదరాబాద్‌లో ఒకే సరుకు అమ్ముతున్నా, 30 లక్షల టర్నోవర్ దగ్గర తమ్ముడికి రిజిస్ట్రేషన్ కావాలి, అన్నకు రాష్ట్రం దాటి అమ్మనంతవరకు అక్కర్లేదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి బిల్లులో పన్ను చూపించకూడదు. కాబట్టి అతనికి జీఎస్టీ సాఫ్ట్‌వేర్ కంటే ఉద్దెర, కొనుగోళ్లు, నగదు సరిగా చూపించే గ్నూక్యాషే సరిపోతుంది.

మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారికి జీఎస్‌టీఆర్-3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుం, వ్యాపారమే లేని నెలకైనా రోజుకు 20. కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ వేరే. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ గడువు దాటించుకోవడం ఖరీదైన పాఠమే. జీఎస్టీ పోర్టల్ ఇచ్చే రిటర్న్స్ ఆఫ్‌లైన్ టూల్ విండోస్ కోసమే. అయినా బిల్లులు తక్కువ ఉన్నవారు లినక్స్ బ్రౌజర్‌లోనే పోర్టల్ తెరిచి నేరుగా నింపవచ్చు. సొంత యాజమాన్యంలో ఉన్నవారు ఫోన్‌కు వచ్చే ఓటీపీతో రిటర్న్ ధ్రువీకరించవచ్చు, డిజిటల్ సంతకం టోకెన్‌తో పని లేదు.

అకౌంటెంట్ ఏమంటాడు?

చాలా దుకాణాల్లో ప్రయత్నం ఆగేది ఇక్కడే. ఊళ్లో లెక్కలు చూసే అకౌంటెంట్‌కు టాలీ తప్ప వేరేది చేతికి అలవాటు ఉండదు. "టాలీ ఫైల్ పంపండి సాబ్, లేకపోతే కష్టం" అంటాడు. ఆయన తప్పేమీ లేదు, ముప్పై దుకాణాల పని చూసే మనిషి. మారకముందే ఆయనతో కూర్చోవాలి. రిటర్న్‌కు ఆయనకు నిజంగా కావాల్సింది టాలీ ఫైల్ కాదు. కొన్నవారి జీఎస్టీ నంబర్, బిల్లు నంబర్, తేదీ, ఏ రాష్ట్రానికి అమ్మారు, పన్నుకు ముందు విలువ, రేటు, పన్ను, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ఇవి వరుసగా ఉన్న ఎక్సెల్ షీట్. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉంటే హెచ్‌ఎస్‌ఎన్ నాలుగంకెలు చాలు. పైన చెప్పిన సాఫ్ట్‌వేర్‌లలోంచి ఇలాంటి షీట్ తీసి ఒక నెలది ఆయనకు ముందే చూపిస్తే సగం గొడవ తీరుతుంది.

మారడానికి మంచి రోజు ఏప్రిల్ 1. మార్చి 31 నాటి ట్రయల్ బ్యాలెన్స్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌లో ప్రారంభ నిల్వలుగా ఎక్కిస్తే చాలు, పదేళ్ల పాత పద్దులు మోసుకెళ్లనక్కర్లేదు. కానీ వాటిని పారేయకూడదు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. అందుకే పాత కంప్యూటర్‌లో విండోస్ తుడిచేముందు టాలీలోంచి డేబుక్, లెడ్జర్లు, సేల్స్ రిజిస్టర్, ట్రయల్ బ్యాలెన్స్ ఏడాదివారీగా పీడీఎఫ్, ఎక్సెల్ రెండు రూపాల్లో తీసి, రెండు చోట్ల పెట్టుకోవాలి. కంగారులో ఈ పని మరచి హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసినవారికి తర్వాత దారి లేదు.

ప్రింటర్ కూడా ముందే చూసుకోవాలి. బార్‌కోడ్ స్కానర్ కీబోర్డ్‌లా పనిచేస్తుంది కాబట్టి లినక్స్‌లో ఇబ్బంది పెట్టదు. చిన్న థర్మల్ ప్రింటర్లు మోడల్‌ను బట్టి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. అలా ఒక బిల్లు కొట్టి, కాగితం సరిగా వస్తేనే ఇన్‌స్టాల్ చేయడం మేలు.

రంజాన్‌లో జకాత్ లెక్క వేసుకునే కుటుంబాలకు ఒక సౌకర్యం. గ్నూక్యాష్‌లో ఆస్తి అప్పుల పట్టీని ఏ తేదీకైనా తీయవచ్చు. మార్చి 31 కోసం ఆగనక్కర్లేదు, హిజ్రీ ఏడాది పూర్తయ్యే రోజు తేదీ ఇస్తే ఆనాటి నగదు, రావాల్సినవి, ఇవ్వాల్సినవి కనిపిస్తాయి. సరుకును మాత్రం విడిగా లెక్కించి, ఆ రోజు ధర కట్టుకోవాలి, ఎందుకంటే పుస్తకాల్లో ఉండేది కొన్న ధర. వసూలవుతుందో లేదో తెలియని ఉద్దెర సంగతి ఆలిమ్‌ను అడగాలి. బ్యాంకు జమ చేసిన వడ్డీకి వేరే ఖాతా ఒకటి తెరిచి పెడితే అది లాభంలో కలవకుండా పక్కనే ఉంటుంది.