మంచం కింద బకెట్టు

కలరా మంచం చూడనివాళ్ళకి ముందు దాని సంగతి చెప్పాలి. మామూలు మడత మంచమే. నడుం కిందికి వచ్చేచోట గుడ్డకి గుండ్రంగా కంత, పైన పరిచిన ప్లాస్టిక్ షీటుకీ అక్కడే కంత. దాని కింద గీతలు పెట్టిన బకెట్టు. రోగి లేవక్కర్లేదు, లేవలేడు కూడా. బియ్యం కడిగిన నీళ్ళలా పోయేదంతా అందులోనే పడుతుంది. నర్సు వచ్చి గీత చూసి ఎన్ని లీటర్లో కాగితం మీద వేస్తుంది. ఎంత పోయిందో అంతా తిరిగి ఒంట్లోకి చేరాలి. ఆరోగ్యశాఖలో ఊళ్ళ లెక్కలు కూడి పైకి పంపడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి. కలరా గురించి నేను పూర్తిగా నమ్మే అంకె ఆ బకెట్టు మీది అంకె ఒక్కటే.

ఆ బకెట్టుకి పేరు తెచ్చిన ఊరు ఢాకా. 1960లో అక్కడ కలరా పరిశోధనాశాల పెట్టారు. అప్పటికది తూర్పు పాకిస్తాన్, వెనక సీటో అనే సైనిక కూటమి డబ్బు. 1963లో మేఘన నది వైపు మత్లబ్‌లో టీకా పరీక్షలు మొదలెట్టారు. అన్నీ నీళ్ళ మధ్య పల్లెలు, రోగులకి పడవే అంబులెన్సు. టీకా పనిచేసిందో లేదో తేలాలంటే ఎవరికి వేశారో, వాళ్ళలో ఎవరికి జబ్బు చేసిందో తెలియాలి. అంతకంటే ముందు ఊళ్ళో ఎవరున్నారో తెలియాలి. అందుకని 1966లో 132 ఊళ్ళలో మనిషి మనిషికీ నంబరు ఇచ్చి పుట్టుకలు, చావులు, వలసలు రాయడం మొదలెట్టారు. 1968లో మరో 101 ఊళ్ళు కలిపారు.

ఇల్లిల్లూ తిరిగింది డాక్టర్లు కాదు, ఆ ఊళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళలో మంత్రసానులున్నారు, చదువు రానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కనుక్కొచ్చి చెబితే వెనక వచ్చే మగ ఉద్యోగి పుస్తకంలో ఎక్కించేవాడు. ఎవరి కోడలు నెల తప్పింది, ఎవరి పిల్లాడికి రాత్రి నుంచి విరేచనాలు, ఇవన్నీ వాకిట్లో కూర్చున్న ఆడమనిషికే తెలుస్తాయి. మా ఆఫీసులో ఇది ఎవరికీ ఎక్కేది కాదు. ఫారం మారిస్తే లెక్క బాగుపడుతుందనుకునేవాళ్ళు.

ఆ లెక్క ఏం చేసిందంటే, సూది టీకా రక్షణ కొద్ది నెలలకి మించదని తేల్చేసింది. 1973లో ప్రయాణికుల కలరా టీకా సర్టిఫికెట్ నిబంధన పోయింది. ఇంకా పెద్ద మేలు బకెట్టు చేసింది. 1968లో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ బృందం 29 మంది రోగులతో చేసిన పరీక్షలో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు పట్టించి చూసింది. కిటుకు ఉప్పులోనే లేదు, కొలతలో ఉంది. బకెట్లో పడినదానికి సరిపడా తాగించాలి. సెలైన్ అవసరం దాదాపు 80 శాతం తగ్గింది. ఇప్పుడు మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఉన్నది ఈ కొలతే.

1979 నుంచి ఢాకా ఆస్పత్రి ఇంకో పని చేసింది. వచ్చిన రోగుల్లో ప్రతి 25వ మనిషిని పరీక్షించి వివరాలు రాసుకుంది. రద్దీ పెరిగాక ప్రతి 50వ మనిషిని. ముసలా, పిల్లా, జబ్బు ముదిరిందా లేదా అని చూడలేదు. వంతు ఎవరిదైతే వాళ్ళే. గుమాస్తా కన్నుతో చూస్తే ఇంతకంటే అందమైన పద్ధతి లేదు.

మరి ఇంత బాగా లెక్కపెట్టిన బంగ్లాదేశ్ చాలా ఏళ్ళు జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థకి కలరా కేసుల లెక్కే పంపలేదు. దానికి కారణం పాతది. 1866 కాన్‌స్టాంటినోపుల్ సమావేశంలో ఐరోపా దేశాలు కలరాకి పుట్టిల్లు ఇండియా అని వేలు చూపించాయి. జబ్బు పేరు బయటపడితే ఓడలు ఆగుతాయి, యాత్రికులు ఆగుతారు, సరుకు ఆగుతుంది. మా వైపూ ఈ భయం పాకింది. మా తాత గ్రామ మునసబు. ఆయన చావుల రిజిస్టరులో కలరాకి వేరే గడి ఉండేది. తలారి చెప్పిందే ఆధారం, తప్పులకి కొదవ లేదు, అయినా గడంటూ ఉంది. నా కాలానికి మా రిపోర్టుల్లో అది ‘జీఈ’ (గ్యాస్ట్రోఎంటరైటిస్) అయిపోయింది, పేపర్లలో అతిసారం అయింది. కలరా అని రాస్తే పైనుంచి ఫోను వచ్చేది.

2015లో 42 దేశాలు ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెప్పిన కేసులు 1,72,454, చావులు 1,304. అదే ఏడాది పరిశోధకులు వేసిన అంచనా ఏటా దాదాపు 29 లక్షల కేసులు, 95 వేల చావులు. అంచనాలో తేడాలుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఇంత తేడా లెక్కల పొరపాటు వల్ల రాదు.

ఇంకో మాయ కూడా ఉంది. యాంటీబయాటిక్ పడ్డాక శాంపిల్ తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు, రిపోర్టు నెగటివ్ అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కాబట్టి మీ వీధిలో ఒకే వారంలో నలుగురికి నీళ్ళ విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగిస్తూనే ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో కబురు పెట్టండి. ఆస్పత్రికి చేరగానే యాంటీబయాటిక్ వేసేలోపు శాంపిల్ తీయమని అడగండి. వైద్యం మాత్రం దానికోసం ఆపకండి.