గీత దాటిన కట్టె: యాష్ చెట్ల పురుగు, కలప రవాణా ఆంక్షలు (2002–2021)

2002 వేసవిలో అమెరికాలోని డెట్రాయిట్ పరిసరాల్లోనూ, నదికి ఆవలి ఒడ్డున ఉన్న కెనడా నగరం విండ్సర్‌లోనూ యాష్ చెట్లు ఎండిపోవడానికి ఒక చిన్న పచ్చని పెంకుపురుగు కారణమని తేలింది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఈ ఆసియా పురుగు సరకుల చెక్కపెట్టెలతో వచ్చి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. దీని లార్వాలు బెరడు కింద, చెట్టుకు ఆహారాన్ని చేరవేసే పొరను తొలుస్తాయి. నరికిన దుంగలోనూ, చీల్చిన పొయ్యికట్టెలోనూ బతికే ఉంటాయి.

కాబట్టి ప్రభుత్వాలు కలపపై దృష్టి పెట్టాయి. 2003లో అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆంక్షలు మొదలయ్యాయి. పురుగు సోకిన ప్రాంతాల నుంచి యాష్ దుంగలు, నారుమొక్కలు, వంటచెరకు అనుమతి లేకుండా కదలరాదన్నారు. మిషిగన్‌లోని మకినా వంతెన దగ్గర వాహనాలను ఆపి కట్టెలను తనిఖీ చేశారు. అయితే కలప మిల్లులను నియంత్రించినంత తేలికగా, సెలవులకు అడవిలో గుడారం వేసుకోబోయే కుటుంబం కారు డిక్కీలోని కట్టెలమోపును నియంత్రించడం సాధ్యం కాలేదు. నర్సరీల దారీ పూర్తిగా మూసుకోలేదు. 2003లోనే నిబంధనలను ఉల్లంఘించి మిషిగన్ నుంచి పంపిన మొక్కలతో పురుగు మేరీలాండ్ చేరింది. ఒంటారియోలో రెండు సరస్సుల నడుమ సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున యాష్ చెట్లన్నీ నరికి ఖాళీ పట్టీ ఏర్పరచినా, పురుగు దానికి తూర్పున కనిపించింది.

ఈ వైఫల్యాన్ని ప్రజల అలక్ష్యంగా మాత్రమే చదవడం సరికాదు. చనిపోయిన చెట్ల వార్షిక వలయాలను పోల్చి చూసినప్పుడు, పురుగు 1990ల తొలి లేదా మధ్య భాగంలోనే స్థిరపడిందని తేలింది. అంటే గీత గీసేనాటికే దాని లోపల ఉండవలసినది బయటికి పోయింది. షికాగోలో 1998లో కనుగొన్న ఆసియా లాంగ్‌హార్న్ బీటిల్‌ను 2008 నాటికి నిర్మూలించగలిగారు. కానీ అది నెమ్మదిగా వ్యాపించే పురుగు, దాని రంధ్రాలు పెద్దవి.

ఆంక్షల భారం కూడా అందరిపై ఒకేలా పడలేదు. మహాసరోవరాల ప్రాంతపు ఆదివాసులు బ్లాక్ యాష్ దుంగను సుత్తితో కొట్టి, ఊడివచ్చిన పేళ్లతో బుట్టలు అల్లుతారు. పురుగు చెట్టును తీసుకుపోతుంటే, ఆంక్ష దుంగను వారి ఇంటికి రానివ్వలేదు. దుంగలను కొన్ని నెలలు నీటిలో ముంచితే లార్వాలు చచ్చి, చెక్క అల్లికకు పనికివస్తుందని తరువాతి ప్రయోగాల్లో తేలింది. ఇలాంటి వెసులుబాటు నిబంధనతో పాటే రావలసింది.

2021 జనవరి 14న కేంద్ర ఆంక్షలు రద్దయ్యాయి. అయినా అవి కొనిచ్చిన వ్యవధి వృథా కాలేదు. ఆ కాలంలోనే యాష్ విత్తనాల సేకరణ సాగింది. 2007 నుంచి చైనా పరాన్నజీవి కందిరీగలను అడవుల్లో వదిలారు.