గాలి ఆగిన వేళ

పిండి విసరడానికి, నీళ్లు తోడడానికి గాలిమరలు వాడడం వెయ్యేళ్ల నాటి అలవాటు. వాటితో కరెంటు పుట్టించడం మొదలై నూట నలభై ఏళ్లు కూడా కాలేదు. 1887 జూలైలో గ్లాస్గో ప్రొఫెసర్ జేమ్స్ బ్లిత్, స్కాట్లండ్‌లోని మేరీకిర్క్ పల్లెలో తన విడిది ఇంటి తోటలో గుడ్డ తెరచాపలు కట్టిన మరను నిలబెట్టి ఇంట్లో దీపాలు వెలిగించాడు. మిగిలిన కరెంటుతో ఊరి వీధికీ దీపాలు పెడతానంటే, అది సైతాను పని, మాకొద్దు అన్నారట ఊరివాళ్లు. ఆ మరుసటి చలికాలానికి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ తన పెరట్లో 144 దేవదారు రెక్కలున్న భారీ చక్రాన్ని ఎత్తాడు. అంత చక్రం తిరిగితే వచ్చింది 12 కిలోవాట్లు.

ఇద్దరికీ బ్యాటరీలు లేనిదే పని జరగలేదు. బ్రష్ ఇంటి నేలమాళిగలో 408 ఉండేవి. గాలి దానికి తోచినప్పుడు వీస్తుంది, దీపం మనకు కావలసినప్పుడు వెలగాలి. ఈ ఎడాన్ని పూడ్చేందుకు పడ్డ పాట్లే పవన విద్యుత్ చరిత్రలో పెద్ద భాగం అని నేననుకుంటాను.

ఆ పాట్లు అందరికన్నా పట్టుదలగా పడినవాడు డెన్మార్క్‌లోని ఆస్కోవ్ అనే పల్లెలో బడిపంతులు పౌల్ ల కూర్. 1891లో ప్రభుత్వ సొమ్ముతో అక్కడ మరను కట్టించి, వచ్చిన కరెంటును నీటిలోకి పంపి హైడ్రోజన్‌ను వేరుచేసి తొట్టిలో దాచాడు. 1895 నుంచి ఏడేళ్లు ఆస్కోవ్ పాఠశాలలో దీపాలు ఆ వాయువుతోనే వెలిగాయి. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసిపోయి అది పేలినప్పుడల్లా బడి కిటికీలకు కొత్త అద్దాలు వేయించాల్సి వచ్చేది. అయినా ఆయన విడిచిపెట్టలేదు. తక్కువ రెక్కలతో వేగంగా తిరిగే మరే ఎక్కువ కరెంటు ఇస్తుందని ప్రయోగాలు చేసి తేల్చిందీ ఆయనే. పల్లె కుర్రాళ్లకు కరెంటు పని నేర్పితే పల్లెలు పట్నాలకు వలసపోవని నమ్మి, 1904లో వాళ్లకు తరగతులు పెట్టాడు. ఆ తరగతిలో కూర్చున్న యోహానెస్ యూల్ అనే పిల్లవాడు ఈ కథలో మళ్లీ వస్తాడు.

1920లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఒక హద్దు గీశాడు. ఎంత గొప్ప మరైనా, తన గుండా పోయే గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి పట్టుకోలేదు. గాలి మొత్తాన్నీ ఆపేస్తే వెనక గాలికి చోటుండదు కదా! ఇంకో లెక్క అంతకన్నా ముఖ్యం. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగానికి పడిపోతే ఎనిమిదో వంతే మిగులుతుంది. ఈ రంగంలోని లాభాలూ కష్టాలూ చాలావరకు ఈ ఒక్క లెక్కలోంచే పుట్టాయి. గాలి ఉన్నచోటు దొరికితే పంట పండినట్టే. అదే చోట గాలి కాస్త నెమ్మదిస్తే చేతికి దాదాపు ఏమీ రాదు.

ఒక్కసారిగా పెద్ద మరలు కట్టేద్దామన్నవాళ్లలో చాలామంది దెబ్బతిన్నారు. 1941లో అమెరికాలో వెర్మాంట్ కొండ మీద లేచిన 1.25 మెగావాట్ల యంత్రం బేరింగు పాడై, యుద్ధకాలంలో విడిభాగాలు దొరక్క రెండేళ్లు నిలిచిపోయింది. తిరిగి నడిపిన కొద్ది రోజులకే, 1945 మార్చిలో, రెక్క విరిగిపడింది. 1983లో జర్మనీ కట్టిన మూడు మెగావాట్ల గ్రోవియన్ కొద్ది వందల గంటలు తిరిగి మూలపడింది.

యూల్ మాత్రం తొందరపడలేదు. 1957లో డెన్మార్క్ దక్షిణ కొసన గెడ్సర్‌లో మూడు రెక్కల 200 కిలోవాట్ల మరను నిలిపాడు. గాలి మరీ ఉధృతమైతే రెక్కలు వాటంతటవే పట్టు సడలేలా, వేగం హద్దు దాటితే రెక్కల కొసలు అడ్డం తిరిగి బ్రేకు వేసేలా చేశాడు. కరెంటును బ్యాటరీల్లో దాచకుండా నేరుగా గ్రిడ్‌కు కలిపాడు. ఇక్కడ గాలి ఆగితే మరోచోటి కేంద్రం ఆ లోటు తీరుస్తుంది. గురువును ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్నకు శిష్యుడు చెప్పిన జవాబు అది. సుమారు పదేళ్లు పెద్దగా మరమ్మతులు లేకుండా తిరిగిన ఆ మరను 1967లో ఆపేశారు. చమురు అంత చవగ్గా దొరుకుతుంటే గాలితో పనేముంది? 1973లో చమురు ధర మండినప్పుడే ఆ యంత్రం మళ్లీ గుర్తొచ్చింది. దాన్ని బాగుచేసి పరీక్షించమని అమెరికా నాసా అడిగింది. డెన్మార్క్‌లోనే క్రిస్టియన్ రీసేయర్ అనే వడ్రంగి యూల్ పద్ధతిలోనే 22 కిలోవాట్ల మర చేశాడు. 1978లో అక్కడి ట్విన్ బడుల ఉపాధ్యాయులు, వందలాది స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి రెండు మెగావాట్ల మరనే నిలబెట్టారు. పల్లెవాళ్లు సహకార సంఘాలు పెట్టుకుని మరలు కొనుక్కున్నారు. తమకు వాటా ఉన్న మర మోత మనిషికి అంతగా చిరాకు పుట్టించదు. ఇవాళ డెన్మార్క్ కరెంటులో దాదాపు సగం గాలిదే.

మన దేశంలో 1986 ప్రాంతంలో గుజరాత్‌లోని ఓఖా, తమిళనాడులోని తూత్తుకుడి వంటి చోట్ల డెన్మార్క్ నుంచి తెచ్చిన చిన్న మరలతో పవన విద్యుత్ మొదలైంది. పడమటి కనుమల సందుల్లోంచి గాలి దూసుకొచ్చే తమిళనాడు ముప్పందల్ చుట్టుపక్కల మరలు బారులు తీరాయి. పెట్టుబడి విలువను పన్ను లెక్కల్లో వేగంగా తగ్గించి చూపుకునే వెసులుబాటుతో, పన్ను మిగుల్చుకోవడానికి మర పెట్టినవాళ్లే ఎక్కువ. ఎంత కరెంటు వచ్చిందన్నది వాళ్లకు రెండో మాట. గాలి బాగా వీచే చోట్లు చాలా ఇప్పటికీ ఆ నాటి చిన్న మరల కింద ఇరుక్కుపోవడం దాని ఫలితమే. 2025 నాటికి దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 50,000 మెగావాట్లు దాటింది.

ఆంధ్రప్రదేశ్ వాటా నాలుగు వేల మెగావాట్లకు పైన. అందులో ఎక్కువ భాగం రాయలసీమదే. అనంతపురం మీదుగా పోయే నైరుతి గాలి కనుమల అవతలే వానంతా కురిపించేసి వట్టి చేతులతో వస్తుంది. తరతరాలుగా రైతు కళ్లలో దుమ్ము కొట్టిన ఆ గాలే ఇప్పుడు రామగిరి, ఉరవకొండ, తాడిపత్రి వైపు కరెంటు ఇస్తోంది. మరకు బొగ్గక్కర్లేదు. థర్మల్ కేంద్రంలా నీళ్లు తాగదు, కరువు సీమలో అది చిన్న సంగతి కాదు. మరల మధ్య నేలలో వేరుశనగ వేసుకోవచ్చు.

అయితే రామగిరి వైపే కల్పవల్లి కూడా ఉంది. బోడి కొండల్ని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడుగా ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కాపాడి మళ్లీ పచ్చగా చేసుకున్న గడ్డి భూములవి. రెవెన్యూ లెక్కల్లో బంజరు. మరల భారీ రెక్కలు ఎక్కించడానికి కొండల్ని చీల్చి రోడ్లు వేశారు, చెట్లు కొట్టారు, వాగుల దారులు చెదిరాయి. వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పొగ రాదు కాబట్టి హాని లేదనే వాదనను కల్పవల్లి చూశాక నేను ఒప్పుకోలేను. కాలిఫోర్నియాలో అల్టమాంట్ కనుమలో బంగారు గద్దలు రెక్కలకు తగిలి చావడం 1980ల నుంచీ నడుస్తున్న గొడవ. ఫైబర్ గ్లాసుతో చేసిన పాత రెక్కల్ని కరిగించి వాడుకునే మార్గం ఇంకా సరిగా కుదరలేదు. ఊళ్లవాళ్లకు దక్కేదెంత అన్నది మరో ప్రశ్న. పొరుగు పల్లెవాళ్లకు మరల్లో వాటా కొనే హక్కును డెన్మార్క్ 2009లో చట్టంగానే పెట్టింది. మన దగ్గర రైతుకు దక్కేది భూమి ధర, మహా అయితే కాపలా ఉద్యోగం.

ఇక ధర. 2017 ఫిబ్రవరిలో దేశంలో తొలి వేలంలో యూనిట్ 3.46 రూపాయలకు దిగింది. అంతకుముందు ఎక్కువ రేటుకు రాసుకున్న ఒప్పందాలను తిరగదోడాలని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చూసింది, 2022లో హైకోర్టు ఒప్పుకోలేదు. కరెంటు పంపిణీ సంస్థల (డిస్కంల) బాధ ధరతోనే తీరదు. అక్కర్లేని అర్ధరాత్రి కరెంటు వచ్చిపడితే ఏం చేయాలన్నది వాళ్ల మరో బెంగ. ఆ బెంగకే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టారు. మిగులు కరెంటుతో కింది జలాశయం నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. కానీ అది దాచేది కొన్ని గంటల కరెంటునే. ఆషాఢ శ్రావణాల్లో హోరెత్తే గాలి కార్తీకం నాటికి నీరసిస్తుంది. ఆ నెలల లోటును ఏ జలాశయమూ మోయలేదు. పగటి పూట కొంత సౌర విద్యుత్ భర్తీ చేస్తోంది, రాత్రిళ్లు ఇప్పటికీ ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో బొగ్గే మండుతోంది.